దాత అండంతో సంతానం: ఖర్చు లెక్క చూసుకోండి



కుటుంబ సంక్షేమమంటే కాన్పులు ఆపుకోవడం ఒక్కటే కాదు. బిడ్డలు కావాలనుకునేవారికి దారి చూపడం కూడా. ఏడాది కాపురం చేసినా గర్భం రాకపోతే డాక్టరుకు చూపించుకోండి. భార్యకు 35 ఏళ్లు దాటితే ఆరు నెలలకే వెళ్లండి.

లోపం ఆడవారిదేనని నిందించకండి. ముందు భర్తకు వీర్యపరీక్ష చేయించండి. కొన్ని వందల రూపాయలతో అయిపోతుంది. భార్యకు రక్తపరీక్ష, స్కానింగు, గర్భనాళాల పరీక్ష చేస్తారు. చాలామందికి మందులతోనే ఫలితం కనిపిస్తుంది.

దాత అండం ఎవరికి?

చిన్న వయసులోనే ముట్లుడిగినవారికి, అండాశయాలు తీసేసినవారికి, వయసు మీరి అండాలు తరిగిపోయినవారికి. వేరొక స్త్రీ అండాన్ని మీ భర్త వీర్యకణంతో కలిపి, ఏర్పడిన పిండాన్ని మీ గర్భంలో ఉంచుతారు. మోసేది, కనేది, పాలిచ్చేది మీరే. చట్టప్రకారం ఆ బిడ్డ మీ బిడ్డే. దాతకు ఏ హక్కూ ఉండదు.

ఏ దారికి ఎంత? (సుమారుగా)

1. అండం విడుదలకు మాత్రలు, స్కానింగులు: కొన్ని వేలు.
2. వీర్యకణాలను గర్భసంచిలోకి ఎక్కించడం: ఒక్కోసారికి 5 నుంచి 15 వేలు.
3. సొంత అండంతో టెస్ట్‌ట్యూబు పద్ధతి: ప్రైవేటులో ఒక విడతకు 2 లక్షలకు అటూ ఇటూ.
4. దాత అండంతో: పై ఖర్చుకు తోడు దాత మందులు, పరీక్షలు, 12 నెలల బీమా, బ్యాంకు రుసుము. 3 లక్షలు దాటవచ్చు.
5. దత్తత: ప్రభుత్వం నిర్ణయించిన రుసుము మాత్రమే. కాని కొన్నేళ్లు ఆగాలి.

దివిసీమ నుంచో, కైకలూరు నుంచో విజయవాడకు పదిసార్లు తిరగాలి. బస్సు చార్జీలు, పోయిన కూలి కూడా లెక్కలో వేయండి. దాత అండమైనా ప్రతిసారీ గర్భం నిలవదు. ఉన్న డబ్బంతా మొదటి విడతకే పెట్టకండి.

చట్టం ఏమంటుంది?

2019 సెప్టెంబరులో గుంటూరులో 70 దాటిన ఒకామె దాత అండంతో కవలలను కన్నది. ఇప్పుడది కుదరదు. 2021 నాటి చట్టప్రకారం భార్యకు 50, భర్తకు 55 ఏళ్లు దాటితే ఈ వైద్యం చేయకూడదు. దాత వయసు 23 నుంచి 35 లోపు ఉండాలి. ఆమె జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. ఏడు అండాలకు మించి తీయకూడదు. ఒక దాత అండాలు ఒక్క జంటకే. "ఇద్దరికి పంచితే సగం ధర" అంటే నమ్మకండి. అండాలు అమ్మడం, కొనడం నేరం. మగబిడ్డనే ఇస్తామనడం కూడా నేరమే.

డబ్బు కట్టేముందు అడగండి:

• రిజిస్ట్రేషన్ పత్రం చూపిస్తారా?
• చెప్పిన ధరలో మందులు, దాత బీమా కలిశాయా?
• మిగిలిన పిండాలను దాచి రెండోసారి వాడితే ఎంత?
• గర్భం నిలవకపోతే మళ్లీ ఎంత?

జవాబులు కాగితం మీద రాయించుకోండి, ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. "మీ అండాలు పనికిరావు" అని ఒకరు చెబితే, ఇంకొక డాక్టరుకు కూడా ఆ రిపోర్టులు చూపించండి. ఆ తర్వాతే పొలం తాకట్టు మాట తలపెట్టండి.

ఆలుమగలిద్దరూ కలిసి ఆలోచించుకోండి. దత్తత తీసుకోవాలన్నా, ఇద్దరమే చాలనుకున్నా అదీ నిండైన సంసారమే. సందేహముంటే మీ ఊరి ఎ.ఎన్.ఎం.ను అడగండి.