పడక పుండ్లు – సిస్టర్ ఏమి రాసుకుంటున్నారు?

"నాన్న దగ్గరకు రాకుండా సిస్టర్ ఎప్పుడు చూసినా ఆ కంప్యూటర్‌లోనే ఏదో కొడుతూ ఉంటారు" అని విసుక్కునే బంధువులు ప్రతి వార్డులోనూ ఉంటారు. మీకూ అలా అనిపించి ఉండవచ్చు. ఆమె రాసేది మీ నాన్నగారి వీపు గురించే కావచ్చు.

పక్షవాతం వచ్చినవారు, తుంటి ఎముక విరిగినవారు, స్పృహలో లేనివారు తమంతట తాము ఒత్తిగిల్లలేరు. ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, రక్తం అందక, కొన్ని గంటల్లోనే కండ దెబ్బతినడం మొదలవుతుంది. నడుము కింది భాగం, తుంటి, మడమలు, తల వెనుక భాగం రోజూ చూడాలి. వేలితో నొక్కినా పోని ఎరుపు మొదటి దశ. నల్లని చర్మంలో ఎరుపు సరిగా కనబడదు కాబట్టి వేడిగా, గట్టిగా, నొప్పిగా ఉందేమో తాకి చూడాలి. నిర్లక్ష్యం చేస్తే నాలుగో దశలో పుండు ఎముక దాకా పోతుంది.

ప్రమాదాన్ని ముందే అంచనా వేయడానికి నర్సులు బ్రేడెన్ స్కేలు వాడతారు. ఇది 1987లో ప్రచురితమైంది. స్పర్శ తెలియడం, చెమ్మ, లేచి తిరగడం, పడకలో కదలడం, ఆహారం, ఒరిపిడి అనే ఆరు విషయాలకు మార్కులు వేస్తారు. మొత్తం 6 నుండి 23. బడి మార్కుల్లాగే ఇక్కడా తక్కువ వస్తే భయమే. 18 గాని, అంతకు తక్కువ గాని వస్తే జాగ్రత్తపడాలి.

కాగితం మీద ఒక షిఫ్టు నర్సు "పుండు తగ్గింది" అని, మరొకరు "అలాగే ఉంది" అని రాస్తే ఎవరిని నమ్మాలి? సాఫ్ట్‌వేర్‌లో పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో నమోదవుతాయి. పోయిన వారం ఫొటో, ఈ వారం ఫొటో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. రోగిని తిప్పవలసిన వేళను గుర్తుచేసే ఏర్పాటు కూడా కొన్నింటిలో ఉంటుంది.

నిజానికి చాలామంది నర్సులకు కూడా మొదట్లో ఇది నచ్చదు. ఏళ్ల తరబడి చేత్తో రాసినవారు ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాలి. ఒకే సంగతిని కాగితంలోనూ కంప్యూటర్‌లోనూ రెండుసార్లు రాయమంటే వారికి కోపం రావడం న్యాయమే; ఆ రెండో పనిని తీసివేయవలసింది ఆసుపత్రివారు. మీరు చేయగలిగింది వేరే ఉంది. "ఈ రోజు కొలత ఎంత వచ్చింది సిస్టర్?" అని అడగండి. తాను రాసినదాన్ని ఒకరు పట్టించుకుంటున్నారని తెలిస్తే ఆమెకూ రాయాలనిపిస్తుంది.

అయితే ఏ సాఫ్ట్‌వేరూ రోగిని పక్కకు తిప్పదు. సాధారణంగా రెండు గంటలకోసారి తిప్పాలి. ఎలా తిప్పాలో నర్సును అడిగి నేర్చుకోండి, మీరు తిప్పిన వేళ ఆమెకు చెప్పండి, అదీ నమోదవుతుంది. ఎర్రబడిన చోట నూనె రాసి మర్దన చేయకండి. మందుల షాపులో దొరికే గాలి రింగు వేయకండి, దాని అంచు చుట్టూ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా ఉంచండి. పక్క తడిస్తే వెంటనే చెప్పండి. పుండును ఫొటో తీసేముందు మీ అనుమతి అడుగుతారు. ఎవరు చూస్తారో అడిగి తెలుసుకోండి.

ఇంటికి పంపే రోజున చివరి కొలతలున్న కాగితాన్ని ప్రింటు తీయించుకోండి. ఇంట్లో కట్టు కట్టేవారికి పుండు తగ్గుతోందో పెరుగుతోందో పోల్చి చూడటానికి అదే ఆధారం.