మైకు తీగ కొననున్న ప్లగ్గు

గ్రామసభలో మైకు మూగవోయినచో వెనుక వరుసలవారికి తీర్మానము వినబడదు. వినని తీర్మానమునకు చేయెత్తుట సమ్మతి కాజాలదు. కనుక ప్లగ్గు చేయు పనిని పిల్లలకు సైతము తెలియజెప్పుట మేలని మా అభిప్రాయము.

తీగలో పోవునది ధ్వని కాదు. మైకు మాటను స్వల్ప విద్యుత్తుగా మార్చును. ప్లగ్గు మొన ఆ విద్యుత్తును అందించును. మొదలు దానికి తిరుగుదారి. నడుమనున్న నల్లని పట్టీ ఆ రెంటిని కలియనీయదు. జాకులోని స్ప్రింగు రేకులు వానిని తాకి, విద్యుత్తును యాంప్లిఫయరుకు చేర్చును. 19వ శతాబ్దపు టెలిఫోను ఎక్స్ఛేంజీలలో పుట్టిన 6.35 మిల్లీమీటర్ల ప్లగ్గు నేటికిని వాడుకలోనున్నది.

ప్లగ్గు పూర్తిగా దిగనిచో మాటకు బదులు గుయ్యిమను రొద వచ్చును. సభకు ముందే సెట్టు ఆపి, ప్లగ్గును పొడిగుడ్డతో తుడిచి, చివరివరకు దించవలెను. ఊడదీయునపుడు తీగను లాగరాదు. పిమ్మట సభ్యులొకరు కడపటి వరుసలో నిలిచి వినవలెను.