బంగారు డాళ్లు పోయి ఇత్తడి డాళ్లు

పాఠ్యభాగము: 1 రాజులు 12:1–19, 14:25–28, 2 కొరింథీ 8:18–21



ఏ దేశమైనను ఒక్క రోజున దివాలా తీయదు. మొదట నమ్మకము పోవును, తరువాత ధనము పోవును. ఈ సంగతినే ఈ పాఠములో ధ్యానింతము.

1. రెహబాము దినములు

తమ కాడి తేలిక చేయుమని ప్రజలు షెకెములో వేడుకొనిరి. రాజు పెద్దల ఆలోచన త్రోసివేసి, తనతో పెరిగినవారి మాట వినెను. రాజ్యము రెండుగా చీలెను. అతని యేలుబడి అయిదవ యేట ఐగుప్తు రాజైన షీషకు వచ్చి, మందిరపు ధనమును, బంగారు డాళ్లను దోచుకొనిపోయెను. రెహబాము వాటికి బదులు ఇత్తడివి చేయించెను. రాజు మందిరమునకు వెళ్లునప్పుడు భటులు వాటినే మోసిరి. ఆడంబరము మిగిలెను గాని బంగారము మిగలలేదు.

2. మన పొరుగు దేశము

శ్రీలంకలో 2015లో జరిగిన ప్రభుత్వ బాండ్ల అమ్మకములో అక్రమము జరిగెనని విచారణ సంఘము తేల్చెను. 2018లో ఒకే ప్రధాని పదవికి ఇద్దరు పోటీపడగా సుమారు ఏడు వారములు పాలన కుంటుపడెను. 2019 చివర కొత్త ప్రభుత్వము విలువ ఆధారిత పన్నును 15 నుండి 8 శాతమునకు తగ్గించగా ఖజానా తరిగెను. 2021లో అధ్యక్షుడు, ప్రధాని, ఆర్థికమంత్రి ముగ్గురును అన్నదమ్ములే. కోవిడ్, రసాయన ఎరువుల నిషేధము కూడ దెబ్బతీసెను. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని ప్రకటించిరి. ఆ సెప్టెంబరు నాటికి ధరలు ఏడాదిలో సుమారు 70 శాతము పెరిగెను. పడవలెక్కి రామేశ్వరము చేరిన తమిళ కుటుంబముల సంగతి తమిళనాడులోని మనవారు ఎరుగుదురు. ఆ అన్నదమ్ములును కొందరు అధికారులును ప్రజల నమ్మకమును వమ్ము చేసిరని 2023 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

3. మన సంగతి

పౌలు అంతటివాడు కూడ చందా సొమ్మును ఒంటరిగా మోయలేదు. నింద రాకుండునట్లు, సంఘములు ఏర్పరచిన సహోదరుని తోడు ఉంచుకొనెను. సొమ్ము ముట్టువానికి సాక్షి ఉండుట అవమానము కాదు, కాపుదల. దేశపు ఖజానాకైనను సంఘపు కానుకల పెట్టెకైనను ఇదే నియమము.

చర్చకు ప్రశ్నలు

అ) మన కానుకలను ఇద్దరు కలిసి లెక్కించుచున్నారా? ఏటేటా లెక్క సంఘము ఎదుట చదువుచున్నామా?
ఆ) నోటు తీసికొని ఓటు వేసినవాడు నాయకుని లెక్క అడుగగలడా?
ఇ) మన తాతలు విడిచి వచ్చిన ఊరి వర్గములను మనము సంఘములో ఇంకను మోయుచున్నామా?

ప్రార్థనాంశము: లెక్క చెప్పుటకు వెరవని నాయకులను, లెక్క అడుగుటకు సిగ్గుపడని ప్రజలను దేవుడు మన దేశమునకు దయచేయును గాక. ఆమేన్.