మనోవ్యాధియు, వాపు తగ్గించు మందులును

విద్యార్థులారా! కాలిలో ముల్లు విరిగినచో ఆ చోటు ఎఱ్ఱబడి, వేడెక్కి, వాచి, నొప్పి పెట్టును. దేహములో చొచ్చిన శత్రువును ఎదిరించుటకు రక్తములోని రక్షకకణములు అచ్చట గుమిగూడుటయే ఇందులకు కారణము. వాపు దేహమునకు రక్షణయే. కాని మితిమీరినచో అదియే హాని చేయును. ఆస్పిరిన్ వంటి మందులు దానిని తగ్గించును. ఇట్టి మందులు మనోవ్యాధికి కూడ ఉపకరించునా? ఈ ప్రశ్నను వైద్యులు ఎట్లు పరీక్షించిరో తెలిసికొందము.

స్కిజోఫ్రీనియా అను రోగము లోకములో సుమారు 300 మందిలో ఒకరికి కలదు. ఇది తఱచుగా యౌవనమున ఆరంభమగును. ఎవరును పలుకకున్నను మాటలు వినబడుట, ఇతరులు తనకు కీడు తలపెట్టిరను నమ్మకము, మాటల పొందిక తప్పుట, ఏ పనియందును ఉత్సాహము లేకుండుట దీని లక్షణములు. ఇది దయ్యము పట్టుట కాదు. తల్లిదండ్రుల పెంపకములోని దోషమును కాదు. 1952లో పారిస్ నగరమున డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రొమజీన్ అను మందు యొక్క గుణమును వెల్లడించిరి. నాటినుండి ఇట్టి మందులు వేలకొలది రోగుల భ్రమలను అణచినవి. అయినను కొందరికి అవి చాలకున్నవి. నిరుత్సాహము, ఏకాగ్రతలోపము మిగిలిపోవుచున్నవి.

కొందరు రోగుల రక్తమును పరీక్షింపగా, వాపును సూచించు సి-రియాక్టివ్ ప్రోటీన్ వంటి పదార్థములు హెచ్చుగా కనబడినవి. అది రోగమునకు కారణమా, లేక వెంట వచ్చిన గుర్తు మాత్రమేనా? స్థూలకాయము వలనను, పొగత్రాగుట వలనను కూడ అవి హెచ్చును. కనుక ఊహ చాలదు, పరీక్ష కావలెను.

2002లో మ్యూనిక్ నగర వైద్యుడు నార్బర్ట్ ముల్లరును, ఆయన సహచరులును 50 మంది రోగులతో పరీక్ష జరిపిరి. మానసికరోగపు మందైన రిస్పెరిడోన్‌ను అందఱికిని ఇచ్చిరి. దానితోపాటు సగము మందికి కీళ్లనొప్పుల మందైన సెలెకాక్సిబ్‌ను, తక్కిన సగము మందికి మందు లేని వట్టి మాత్రను ఇచ్చిరి. ఎవరికి ఏది అనునది చీట్లు వేసినట్లు నిర్ణయింపబడెను. రోగికిగాని, గుణమును లెక్కించువారికిగాని అది తెలియదు. ఇట్లు చేయనిచో ఆశయే కంటికి గుణముగా తోచును. 5 వారములకు రెండు జట్టులును కోలుకొనెను. సెలెకాక్సిబ్ జట్టు ఎక్కువగా కోలుకొనెను.

ఎందఱో సంతోషించిరి. కాని 2005లో అమెరికాలో, దీర్ఘకాలముగా రోగముతోనున్న 38 మందిపై జరిపిన పరీక్షలో అదే మందు వలన అధిక ఫలితము కనబడలేదు. 2010లో నెదర్లాండ్స్ దేశమున 70 మందిలో ఆస్పిరిన్ చేర్చినవారికి కొంత మేలు కలిగినట్లు తేలెను; 2021లో ప్రకటింపబడిన ఇంతకంటె పెద్ద పరీక్షలలో ఆ మేలు కానరాలేదు. వాపును కూడ తగ్గించు మినోసైక్లిన్ అను మందును బ్రిటనులో 207 మందిపై ఏడాదిపాటు పరీక్షించిరి. 2018లో వెలువడిన ఫలితము: వట్టి మాత్రకంటె మేలు లేదు.

అట్లయిన ఆ శ్రమ వ్యర్థమా? కాదు. స్కిజోఫ్రీనియా అనునది ఒకే రోగము కాక, పలు కారణముల సముదాయము కావచ్చును. రక్తములో వాపుగుర్తులు గలవారికో, రోగము క్రొత్తగా వచ్చినవారికో ఇట్టి మందు పనిచేయునేమోయని శాస్త్రజ్ఞులు విచారించుచున్నారు. లెక్క తప్పినచోటు తెలిసిన విద్యార్థికి సరియైన దారి దగ్గఱయగును గదా!

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. ఈ పరీక్షలన్నిటిలో క్రొత్త మందు పాతదానికి తోడుగా ఇయ్యబడినదే కాని, బదులుగా కాదు. ఆస్పిరిన్ కడుపులో రక్తస్రావము కలిగింపవచ్చును. కనుక ఎక్కడనో చదివి, రోగికి స్వయముగా మాత్రలిచ్చుటగాని, వైద్యుడిచ్చిన మందు మాన్పించుటగాని తగదు. ఇంట ఎవరికైన ఇట్టి బాధ కలిగినచో దాచక వైద్యునికడకు కొనిపోవలెను. జ్వరమునకు సిగ్గుపడని మనము దీనికేల సిగ్గుపడవలెను?

ప్రశ్న: మ్యూనిక్ పరీక్షలో వట్టి మాత్ర ఇయ్యకున్నచో, ఏ పొరపాటు జరిగియుండెడిది? ఆలోచించి వ్రాయుడు.