సింగపూర్ నుంచి మానా దాకా

రాయ్‌పూర్

చిన్నా,

డిసెంబరులో కోడలినీ పాపనీ తీసుకుని వస్తున్నావని మీ అమ్మ చెప్పింది. నాయనమ్మ అప్పుడే కాలనీ అంతా చాటేసింది. "నాలుగున్నర గంటల ప్రయాణమేగా" అన్నావట. అది గాల్లో ఉండే సమయం బాబూ. టికెట్ తీసేముందు ఈ నాలుగు మాటలూ చదువు.

సింగపూర్ నుంచి రాయ్‌పూర్‌కి తిన్నగా గీత గీస్తే సుమారు 3,270 కిలోమీటర్లు. హైదరాబాద్‌కి 3,310. దూరం చూస్తే మనమే కాస్త దగ్గర. కానీ సింగపూర్ నుంచి మన మానా విమానాశ్రయానికి నేరుగా విమానం లేదు, ఎక్కడో ఒకచోట దిగి మారాల్సిందే. హైదరాబాద్‌లో మారితే ఇంకో 560 కిలోమీటర్లు, గంటా ఇరవై నిమిషాలు. కోల్‌కతా మీదుగా అయితే అంతా కలిపి 3,600 చిల్లర. ఢిల్లీ మీదుగా చవగ్గా ఉందన్నావట, అది మాత్రం వద్దు. ఢిల్లీకే 4,150, అక్కణ్ణుంచి మళ్లీ ఇటు 940. మన నెత్తిమీదుగా వెళ్లి వెనక్కి రావడమే. పైగా డిసెంబరు చివర్లో అక్కడి పొగమంచుకి విమానం ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేరు. చంటిపిల్లతో ఆ తిప్పలెందుకు?

గడియారం సంగతి ఒకటుంది. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. ఎనిమిదింటికి బయల్దేరి పదింటికి దిగుతుందని టికెట్ మీద ఉన్నా, పాప కడుపుకి అప్పుడు పన్నెండున్నర. దాని తిండి చేతిసంచీలోనే పెట్టమను.

అసలు ప్రయాణం దిగాక మొదలవుతుంది. ఇమిగ్రేషన్ లైను, బెల్టు దగ్గర పెట్టెల కోసం నిలబడటం, కస్టమ్స్, మళ్లీ రాయ్‌పూర్ విమానానికి ఆ పెట్టెలే అప్పజెప్పడం, ఆపైన సెక్యూరిటీ. కౌంటరేమో గంట ముందే మూసేస్తారు. అందుకని రెండు విమానాల మధ్య నాలుగు గంటలకి తగ్గనివ్వకు. రెండూ ఒకే పీఎన్నార్ మీద తీసుకో. మొదటిది ఆలస్యమైతే తర్వాతి దాంట్లో ఎక్కించే పూచీ విమాన సంస్థది. విడివిడిగా కొన్నావో, రెండో టికెట్ డబ్బు పోయినట్టే. రెండు మూడు వేలు మిగులుతాయని ఆశపడకు.

మన విమానాశ్రయానికి 2012 నుంచి స్వామి వివేకానంద పేరు. ఆయన 1877లో పిల్లవాడిగా ఈ ఊరొచ్చినప్పుడు ఇక్కడిదాకా రైలు లేదు, అడవుల గుండా ఎడ్లబండి మీద రోజుల తరబడి వచ్చారు. అలాంటి ఊరికి నువ్వు ఒక్క పగటిలో చేరుతున్నావంటే నాకెంత సంబరమో. అందుకే ఆ పగలు నీకు హైరానా కాకూడదని నా తాపత్రయం.

సెలవు ఎక్కువుంటే ఇంకో దారి ఉంది. విశాఖకి స్కూట్ నేరుగా నడుపుతోంది, 2,900 కిలోమీటర్లే. అక్కడ రైలెక్కితే బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా మన ఊరు. మీ తాత వ్యాగన్ రిపేర్ షాపులో పనికి వచ్చింది ఆ లైను మీదే. పార్వతీపురంలో మేనత్తని చూసి రావచ్చు, ఆవిడ పాపని ఇంకా చూడలేదు. రైలు టికెట్లు మాత్రం ముందే తీసుకోవాలి, పండగల ముందు దొరకవు.

ఏ దారన్నది కోడలితో మాట్లాడి తేల్చుకో. డబ్బు కట్టేముందు విమానాల టైములు నాకు వాట్సాప్‌లో పెట్టు, ఒకసారి చూస్తాను.

మీ పెదనాన్న