ప్రజల సొమ్ము – ప్రజల గ్రంథాలయము

చెరువునీరు ఊరందరిది. ఆ నీరు నిలువవలెనన్న ఊరందరును కట్టను కాపాడవలెను. గ్రంథాలయమును అట్టిదే. నెల్లూరు జిల్లా గ్రంథాలయముల చరిత్ర ఈ సత్యమును విశదపఱచును.

పూర్వము పుస్తకములు రాజాస్థానములందును, మఠములందును, పండితుల యిండ్లలోను మాత్రమే యుండెడివి. ఇరువదవ శతాబ్దారంభమున ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము తలయెత్తెను. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో గ్రంథాలయముల ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు మున్నగువారు పల్లెపల్లెకు పుస్తకము చేరవలెనని పాటుపడిరి. 1935లో పాతూరి నాగభూషణము కృష్ణా డెల్టా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపి, ప్రయాణికుల చేతికే పుస్తకము నందించెను. నెల్లూరు పట్టణమున వర్ధమాన సమాజము, రేబాల లక్ష్మీనరసారెడ్డి కట్టించిన పురమందిరము విద్యాగోష్ఠులకు నెలవులయ్యెను.

అయినను చందాలపై బ్రతుకు గ్రంథాలయమునకు నిలుకడ తక్కువ. దాత గతించినను, కార్యకర్త ఊరు విడిచినను దాని తలుపులు మూతపడును. ఈ కొఱతను తీర్చుటకై 1948లో మద్రాసు రాష్ట్రమున ప్రజా గ్రంథాలయముల చట్టము వెలసెను. దాని వెనుక ఎస్.ఆర్. రంగనాథన్ కృషి కలదు. నాడు నెల్లూరు మద్రాసు రాష్ట్రములోనిదే. కావున ఆ చట్టము ఈ జిల్లాకును వర్తించెను. 1953లో ఆంధ్రరాష్ట్రమును, 1956లో ఆంధ్రప్రదేశమును ఏర్పడిన పిదప, 1960లో రాష్ట్రమంతటికిని ఒకే చట్టము చేయబడెను.

ఈ చట్టముల కీలకము గ్రంథాలయ పన్ను. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయమునకై అదనముగ వసూలగును. 100 రూపాయల పన్ను చెల్లించు ఇల్లు 8 రూపాయలు పుస్తకములకిచ్చుచున్నదన్నమాట. నెల్లూరులోని మేడయైనను, మైపాడు తీరమున జాలరి కట్టుకొన్న చిన్న యిల్లైనను లెక్క ఒక్కటే. పంచాయతీలు, పురపాలక సంఘములు ఈ సొమ్మును వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లింపవలెను. దానితోనే కేంద్ర గ్రంథాలయము, శాఖా గ్రంథాలయములు, పుస్తక నిక్షిప్త కేంద్రములు నడచును. వసూలైన సొమ్ము చేరవలసిన చోటికి చేరకున్న క్రొత్త పుస్తకము రాదు; పత్రిక ఆగిపోవును; తుదకు చదువరియు రాడు.

కావున గ్రంథాలయమున అడుగిడు బాలుడు పరుల యింటి అతిథి కాడు. ఆ పుస్తకములలో అతని తలిదండ్రుల చెమట కలదు. పుట చింపకుండుట, గడువులోపల తిరిగి యిచ్చుట అతని ధర్మము. కావలసిన పుస్తకము లేనప్పుడు వినయముతో అడుగుట అతని హక్కు. అడుగువారున్న గ్రంథాలయమే పదికాలములు నిలుచును.