ఓటు లేని చోట పౌరులం: ఖతర్ నేర్పిన పాఠాలు

దోహాకి కొత్తగా వచ్చిన మన పిల్లలు తరచూ అడిగే మాట ఒకటుంది. "బాబాయ్, ఇక్కడ మనకి ఓటు లేదు, యూనియన్ లేదు. ఈ సంఘాలూ మీటింగులూ మనకెందుకు?" వాళ్లన్న దాంట్లో అబద్ధం లేదు. 1999లో మొదలైన సెంట్రల్ మునిసిపల్ కౌన్సిల్ ఎన్నికలు ఇక్కడి పౌరులవి. 2021 అక్టోబరులో జరిగిన షూరా కౌన్సిల్ ఎన్నికలూ వాళ్లవే. 2024 నవంబరు రెఫరెండం తర్వాత ఆ షూరా ఎన్నికలు కూడా లేవు. కార్మిక సంఘం పెట్టుకునే హక్కు చట్టం ఖతరీ కార్మికులకే ఇచ్చింది. అయినా నలుగురి పని నలుగురూ కలిసి నడుపుకోవడం ఈ నేల మీదే నేర్చుకున్నాను. నేర్చుకున్న వాటిలో కొన్ని ఇవి.

1. ముందు నీ కాగితం నువ్వు చదువుకో.

2021 మార్చి 20 నుంచి ఇక్కడ కనీస వేతనం వెయ్యి రియాళ్లు. కంపెనీ బస ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 అదనం. కంపెనీ మారడానికి పాత యజమాని ఎన్‌ఓసీ అక్కర్లేదని 2020లోనే చట్టం మార్చారు. ఇంటికి పోవడానికి ఎగ్జిట్ పర్మిట్ అవసరం చాలామందికి 2018లోనే తీరిపోయింది. ఇవేవీ తెలియక, "సార్ ఏమంటారో" అని భయపడుతూ ఏళ్లు గడిపేవాళ్లు ఇండస్ట్రియల్ ఏరియాలో ఇప్పటికీ కనిపిస్తారు. తెలియని హక్కు ఉన్నా లేనట్టే. పక్క మంచం వాడికి చదువు రాకపోతే అతని కాంట్రాక్టు కూడా నువ్వే చదివి పెట్టు.

2. క్యాంపు కమిటీకి పోటీ పడు.

యూనియన్ లేదు గానీ, 30 మంది, అంతకు పైన కార్మికులున్న సంస్థల్లో జాయింట్ కమిటీ వేసుకోవచ్చని 2004 నాటి కార్మిక చట్టంలోనే ఉంది. అందులో సగం మంది యాజమాన్యం వాళ్లు, సగం మంది కార్మికులు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో దోహాలో ఆఫీసు తెరిచింది. ఆ తర్వాతి ఏడాది నుంచి ఈ కమిటీలకు కార్మికులు ఓటేసి ప్రతినిధుల్ని ఎన్నుకోవడం మొదలైంది.

మా కంపెనీలో ఆ ఎన్నిక రాత్రి భోజనాలయ్యాక మెస్‌లోనే పెట్టారు. అక్షరాలు రానివాళ్ల కోసం బ్యాలెట్ కాగితం మీద ఫొటోలు అచ్చు వేశారు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన షట్టరింగ్ మేస్త్రీ ఒకతను గెలిచాడు. అతనికి నేపాలీలూ బంగ్లాదేశీలూ కూడా ఓటేశారు. ఎందుకంటే ఎన్నికకు ముందు అతను ప్రతి గదికీ వెళ్లి, ఎవరికేం ఇబ్బందో అడిగి, గది నంబరుతో సహా నోట్‌బుక్కులో రాసుకున్నాడు. మొదటి మీటింగులో మూడో అంతస్తు వాటర్ కూలర్ గురించి అడిగితే మేనేజరు "చూద్దాం" అన్నాడు. మేస్త్రీ ఒకటే మాట అన్నాడు: "ఏ తేదీలోపు చూస్తారో మినిట్స్‌లో రాయండి సార్." రాశారు. ఆ తేదీ కంటే ముందే కూలర్ వచ్చింది. నా దృష్టిలో పౌరవిద్య అంటే అదే. కేకలు లేవు, బతిమాలడం లేదు. అడిగింది కాగితం మీదికి ఎక్కాలి, దాని పక్కన తేదీ ఉండాలి.

3. మంచి పని కూడా చట్టం దాటి చేయకు.

క్యాంపులో ఎవరైనా చనిపోతే మన మనసు ఆగదు. వెంటనే వాట్సాప్‌లో చందాలకు దిగుతాం. కానీ ఇక్కడ అనుమతి లేకుండా విరాళాలు పోగు చేయడం నేరం. 2014లోనే దానికి చట్టం వచ్చింది. జాలితో పని మొదలుపెట్టి కేసుల్లో ఇరుక్కునే గతి ఎవరికీ పట్టకూడదు. భారత రాయబార కార్యాలయం నీడలో 1984 నుంచి పనిచేస్తున్న ఇండియన్ కమ్యూనిటీ బెనవొలెంట్ ఫోరం ఉంది. భౌతికకాయాన్ని ఊరికి పంపడం దగ్గర్నుంచి ఆస్పత్రి, జైలు వ్యవహారాల దాకా దారి తెలిసినవాళ్లు అక్కడున్నారు. సాయం ఆ దారిన వెళ్లనివ్వండి. వాళ్లు పెట్టిన బీమా పథకంలో 125 రియాళ్లు కడితే రెండేళ్లపాటు లక్ష రియాళ్ల రక్షణ అని మొదలుపెట్టినప్పుడు ప్రకటించారు. చావు తర్వాత చందా అడగడం కంటే బతికుండగా ఆ ఫారం నింపించడం పెద్ద సేవ.

4. లెక్క చెప్పనివాడు నాయకుడు కాడు.

తెలుగు కళా సమితి, ఆంధ్ర కళా వేదిక, తెలంగాణ ప్రజా సమితి ఇలా మనకి సంఘాలకు కొదవలేదు. ఉగాదికీ బతుకమ్మకీ హాలు నిండుతుంది. కానీ వేదిక మీద శాలువాలు కప్పడానికి ఉన్న ఓపిక, ఖర్చు వివరాలు చదివి వినిపించడానికి ఉండదు. నేను చూసిన సంఘాల్లో చీలికలు వచ్చినప్పుడు బయటికి చెప్పిన కారణం ప్రాంతం. లోపలి కారణం మాత్రం లెక్క చూపని రసీదులు, దిగిపోవడానికి ఇష్టపడని పెద్దలు. పండగ అయిన వారంలోగా లెక్క సభ్యులందరికీ చేరాలి. గడువు తీరిన అధ్యక్షుడు కుర్చీ దిగాలి. ఈ రెండూ జరిగే సంఘానికి వేరే నీతులు అక్కర్లేదు.

5. "మీరేవిట్లు?" అని ఎవరి కులమూ అడగకు. ఊరి పార్టీ జెండా ఊళ్లోనే ఉండనీ.

6. పక్కవాళ్లను చూసి నేర్చుకో.

మాతో పనిచేసిన ఇండోనేషియా వాళ్లలో ఒక పద్ధతి గమనించాను. ఏ విషయమైనా చేతులెత్తించి తేల్చేయరు. అందరూ ఒక మాట మీదికి వచ్చేదాకా ఓపిగ్గా మాట్లాడుకుంటారు. వాళ్ల దేశంలో కొన్ని పదుల ఇళ్లకు ఒక ఇరుగుపొరుగు కూటమి, దానికి వాళ్లే ఎన్నుకున్న పెద్ద ఉంటారు. పారిశుధ్యం, రాత్రి కాపలా, కొత్తగా వచ్చినవాళ్ల వివరాలు అన్నీ అక్కడే. ఆ అలవాటు దేశం దాటినా పోలేదు.

ఇంకో తేడా కూడా ఉంది. 2024 ఫిబ్రవరి ఎన్నికల్లో విదేశాల్లో ఉన్న ఇండోనేషియన్లు తామున్న దేశం నుంచే ఓటేశారు. మనకి 2011లో ప్రవాస ఓటరు హక్కు వచ్చింది గానీ, ఆ ఓటు వేయాలంటే విమానమెక్కి సొంత ఊరి పోలింగ్ బూత్‌కే పోవాలి. నెల జీతం టికెట్‌కే చాలని కూలీ ఎలా వెళ్తాడు? ప్రవాసులకు పోస్టల్ ఓటు ఇవ్వడానికి తాము సిద్ధమేనని ఎన్నికల సంఘం 2020 నవంబరులోనే న్యాయశాఖకు రాసింది. దాన్ని కదిలించేవాళ్లు కావాలి.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు ఫారం 6ఎ నింపి ఓటర్ల జాబితాలో పేరు ఎక్కించుకోండి. తర్వాత మీ నియోజకవర్గం ఎంపీకి ఈ పోస్టల్ ఓటు సంగతి ఒక ఉత్తరం రాయండి. పది వాక్యాలు అక్కర్లేదు, రెండు చాలు. కింద మీ పేరు, మీ ఊరు, ఇక్కడ చేస్తున్న పని రాసి పంపండి.